'గట్టిగా' అంటే అన్నిచోట్లా 'లౌడ్' కాదు!

ఈ ఎపిసోడ్‌ని మనం రోజూ వాడే ఒక తెలుగు మాటతో మొదలుపెడదాం. ఆ మాట 'గట్టిగా'.

గట్టిగా మాట్లాడు. గట్టిగా పట్టుకో. గట్టిగా కొట్టు. గట్టిగా చదువు. నాలుగు చోట్లా మనకి ఒకటే మాట. ఇంగ్లీషులో మాత్రం నాలుగూ వేరు. మాట్లాడటానికి 'లౌడ్‌లీ', పట్టుకోవడానికి 'టైట్', కొట్టడానికి 'హార్డ్', చదవడానికి 'అలౌడ్'. పట్టుకోవడం, కొట్టడం ఇంకో రోజు చూద్దాం. ఈ రోజు శబ్దం సంగతి మాత్రమే.

ముందు నా కథ చెప్తాను. డిగ్రీ అయిన కొత్తలో ఒక కంపెనీ వాళ్ళు ఫోన్‌లో ఇంటర్వ్యూ చేశారు. రూమ్‌లో సిగ్నల్ లేదని హాస్టల్ మేడ మీదికెళ్ళి మాట్లాడుతున్నాను. అటువైపు మేడమ్ గొంతు సరిగ్గా వినబడట్లేదు. 'కొంచెం గట్టిగా చెప్పండి' అనాలి. నా నోట్లోంచి వచ్చింది, 'మేడమ్, స్పీక్ లౌడ్‌లీ!' గ్రామర్ ప్రకారం తప్పు లేదు. కానీ క్లాసులో టీచర్ పిల్లలకి ఆర్డర్ వేసినట్టు ఉంది.

ఆవిడ పాపం మళ్ళీ అడిగారు. ఈసారి లైన్‌లో బరబర. నేనేమన్నానో తెలుసా? 'యువర్ వాయిస్ ఈజ్ వెరీ నాయిసీ.' లైన్‌లో గోలగా ఉందని నా ఉద్దేశం. ఆవిడకి మాత్రం 'మీ గొంతే గోలగా ఉంది' అన్నట్టు వినబడింది. ఆవిడ కోప్పడలేదు, నవ్వారు. కానీ ఆ నవ్వుతో నా గొంతు లోపలికి వెళ్ళిపోయింది. తెలిసిన జవాబులు కూడా గొణిగాను. చివరికి ఆవిడే అన్నారు, 'కుడ్ యు స్పీక్ అప్, ప్లీజ్?' అప్ అంటే పైకి కదా, నేను ఆల్రెడీ మేడ మీదే ఉన్నాను, ఇంకా పైకి ఎక్కడికి వెళ్ళాలి అనుకున్నా! ఆ ఉద్యోగం రాలేదు.

ఇప్పుడు ఆ రోజు నాకు తెలియనివి ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, 'స్పీక్ అప్'. కొంచెం గట్టిగా, వినబడేలా మాట్లాడమని అర్థం. ఇంటర్వ్యూలో, ఆఫీస్ కాల్‌లో 'కుడ్ యు స్పీక్ అప్ ఎ లిటిల్, ప్లీజ్?' అంటే మర్యాదగా ఉంటుంది. 'సారీ, ఐ కాంట్ హియర్ యు క్లియర్‌లీ' అన్నా సరిపోతుంది. ఫ్రెండ్‌తో అయితే 'లౌడర్!' అన్నా ఏం పర్లేదు. దీనికి వ్యతిరేకం 'కీప్ యువర్ వాయిస్ డౌన్', అంటే గొంతు తగ్గించు అని.

రెండోది, 'లౌడ్'కీ 'నాయిసీ'కీ తేడా. లౌడ్ అంటే శబ్దం ఎక్కువ అని మాత్రమే. అది మంచి పాటైనా కావచ్చు. నాయిసీ అంటే గోల, చిరాకు పెట్టే చప్పుడు. బస్టాండ్ నాయిసీ, లైన్ నాయిసీ, పక్కింటి మిక్సీ నాయిసీ. మనిషి గొంతు మాత్రం లౌడ్.

మూడోది, 'హై'. టీవీ సౌండ్ ఎక్కువైతే మనం 'సౌండ్ ఈజ్ మోర్' అనేస్తాం. 'ఇట్స్ టూ లౌడ్, టర్న్ ఇట్ డౌన్' అనాలి. 'హై వాల్యూమ్' కరెక్టే. కానీ 'హై-పిచ్డ్' అంటే గట్టిగా అని కాదు, సన్నగా, కీచుగా అని. చెవి దగ్గర దోమ పాట హై-పిచ్డ్, కానీ లౌడ్ కాదు. పెళ్ళి బ్యాండ్‌లో పెద్ద డ్రమ్ము లౌడ్, కానీ హై-పిచ్డ్ కాదు.

మరీ ఎక్కువ శబ్దానికి ఇంకొన్ని మాటలున్నాయి. ఆపకుండా మోగే హారన్లకి 'బ్లేరింగ్'. చెవిలో గుచ్చుకునే విజిల్‌కి 'ష్రిల్'. ఉరుముల్లాంటి చప్పట్లకి 'థండరస్'. చెవులు దిబ్బెళ్ళు పడే డీజేకి 'డెఫెనింగ్'. డెఫ్ అంటే చెవుడు, అందులోంచి వచ్చిన మాటే ఇది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకునేవాళ్ళు ఆ మాట గుర్తుంచుకోండి. మామూలు మాటల శబ్దం దాదాపు 60 డెసిబెల్స్. పెద్దవాళ్ళు 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటలకి మించి వినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. శబ్దం పెరిగేకొద్దీ ఆ గంటలు చాలా వేగంగా తగ్గిపోతాయి.

ఇక అసలు మాట, 'అలౌడ్'. దీన్ని చూడగానే లౌడ్‌కి అన్నయ్య అనుకుంటాం. కాదు! 'రీడ్ అలౌడ్' అంటే అరిచి చదవమని కాదు. మనసులో కాకుండా పైకి చదవమని. మెల్లగా చదివినా, పక్కవాళ్ళకి వినబడితే చాలు, అది అలౌడే. అంటే దీనికి తెలుగులో సరిపోయే మాట 'గట్టిగా' కన్నా 'పైకి'. 'అవుట్ లౌడ్' కూడా దాదాపు అంతే. 'థింకింగ్ అవుట్ లౌడ్' అంటే మనసులో అనుకుంటున్నది పైకే అనేయడం. మనం రోజుకి వందసార్లు టైప్ చేసే ఎల్ఓఎల్ కూడా 'లాఫింగ్ అవుట్ లౌడ్', పైకి నవ్వడం. 2011లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీలోకి కూడా ఎక్కింది.

ఇంకో చిన్న చిక్కు ఉంది. అనుమతి ఉంది అనడానికి వాడే 'అలౌడ్' కూడా వినడానికి అచ్చం ఇలాగే ఉంటుంది, స్పెల్లింగే వేరు. అందుకే 'రీడింగ్ అలౌడ్ ఈజ్ నాట్ అలౌడ్ హియర్' అని లైబ్రరీలో అంటే కంగారు పడకండి. ఇక్కడ పైకి చదవకూడదు అని అర్థం.

ఫ్రెండ్స్, ఆ ఇంటర్వ్యూలో నాకు పోయింది గ్రామర్ కాదు, గొంతు. అప్పటిదాకా ఇంగ్లీషుని నేను కళ్ళతోనే చదివాను. ఒక్క రోజు కూడా పైకి చదవలేదు. నా గొంతులో ఇంగ్లీష్ ఎలా ఉంటుందో నాకే తెలియదు. అందుకే తడబడగానే భయపడ్డాను. తర్వాత రోజూ పది నిమిషాలు మేడ మీద పేపర్ పైకి చదవడం మొదలుపెట్టాను. కింద వాచ్‌మన్ అన్న మొదట్లో వింతగా చూసేవాడు. కొన్నాళ్ళకి 'ఇవాళ ఏం వార్తలు తమ్ముడూ' అని అడిగేవాడు. తర్వాతి ఇంటర్వ్యూలో కూడా తప్పులు చేశాను. కానీ గొణగలేదు. తప్పు కూడా వినబడేలా చెప్పాను. ఆ ఉద్యోగం వచ్చింది.

ఈ రోజు హోమ్‌వర్క్ ఇదే. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, ఏదైనా ఇంగ్లీష్ పేరా ఒకటి పైకి చదవండి. అరవక్కర్లేదు. ఒక్కసారి మీ గొంతు మీరే వినండి. వచ్చే ఎపిసోడ్‌లో 'టైట్', 'హార్డ్' సంగతి చూద్దాం. అంతవరకు సెలవు, బై ఫ్రెండ్స్!