పాత పటములు - మునిగిన ఊళ్లు



ఈ రజతోత్సవ సభలో పుస్తకములను గూర్చి పలువురు ప్రసంగించిరి. ఒక సీమనంతయు ఒక్క పుటలో చూపు గ్రంథమును గూర్చి, అనగా భూపటమును గూర్చి, నేను నాలుగు మాటలు విన్నవించెదను.

17వ శతాబ్దమున ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్, గోలకొండకు తూర్పుగా ఏడు దినముల ప్రయాణములో నున్న వజ్రపు గనిని దర్శించెను. స్త్రీలు, పిల్లలతో కూడ 60,000 మంది అచ్చట పనిచేయుచుండిరని వ్రాసెను. ఆ చోటిని దేశభాషలో ‘గని’ యందురని అతడు చెప్పిన మాట తెలుగువారికి వివరింప నక్కరలేదు. కాలక్రమమున ఆ గనులు పాడుపడినవి. 1889లో టావెర్నియర్ గ్రంథమును ఆంగ్లీకరించిన భూగర్భ శాస్త్రవేత్త వాలెంటైన్ బాల్, అది కృష్ణాతీరమున కొండల చెంతనున్న కొల్లూరే యని చూపెను.

అట్టి సీమల పటములు ఊరక పుట్టలేదు. 1802లో లాంబ్టన్ మదరాసు వద్ద గొలుసుతో ఆధారరేఖను కొలిచి, త్రికోణములు అల్లుచు ఉత్తరమునకు సాగెను. అతని సహాయకుడు ఎవరెస్టు 1819లో కృష్ణా గోదావరుల నడిమి అడవులలో జ్వరపీడితుడయ్యెను. ఆ త్రికోణములపైననే తరువాతి సర్వే పటములు, మైలుకు అంగుళము చొప్పున, వెలసినవి. వానిలో ఎత్తు రేఖలు దగ్గరపడినచో నిటారు కొండ; ఎడమైనచో మెల్లని వాలు. ఊరికి, చెరువుకు, గుడికి, బాటకు వేర్వేరు గుర్తులు కలవు.

2013లో ప్రారంభమైన పులిచింతల జలాశయపు ముంపులో కొల్లూరు చేరినది. పాత పటము విప్పిన, ఆ ఊరు ఇంకను ఒడ్డుననే యుండును!

ఇది మనకు దూరపు కథ కాదు. 1923 మొదలు 1931 వరకు మంజీరపై నిజాంసాగరము కట్టినపుడు మన పొరుగున పలు గ్రామములు ఖాళీ అయినవి. ఆ నీటితో బాన్సువాడ ప్రాంతమున వరి పండుచున్నది. అన్నము తినుచున్న మన పిల్లలలో ఆ ఊళ్ల పేర్లు చెప్పగలవారెందరు?

మన నస్రుల్లాబాద్ సర్వే పటములలో 56 ఎఫ్ అను భాగమున వచ్చును. దానిని తెచ్చి గోడకు వ్రేలాడదీయుట చాలదు. సర్వేవారు గుట్టల ఎత్తులు గుర్తించిరి గాని, ప్రతి కుంటకు, ప్రతి బండకు మన పెద్దలు పిలుచు పేరు వ్రాయలేదు. యువకులారా, పటము చేతబూని పెద్దలతో పొలముల వెంట తిరుగుడు. ఆ పేర్లను వారు చెప్పగా ఒక పుస్తకమున వ్రాసి ఈ గ్రంథాలయమున భద్రపరచుడు. ఈ పని ఆలసింపరాదు. కొలతలను పటము దాచినది. పేర్లను దాచవలసినవారము మనమే.