ఎవరూ లేని దారి మన కొండల్లో లేదు

ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా తెస్తున్న ఈ సంచిక కోసం యువతతో నాలుగు మాటలు మాట్లాడమని సంఘం పెద్దలు అడిగారు. మేము పాడేరు, చింతపల్లి కొండ దారుల్లో ఏళ్ల తరబడి జీపులు తోలినవాళ్లం. ప్రసంగాలు మాకు రావు. తెలిసింది దారి. ఆ దారి గురించే చెబుతాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఇప్పుడు మన కొండలకు కొత్త రకం ప్రయాణికులు వస్తున్నారు. వంజంగి మేఘాలు, లంబసింగి చలి చూసి సాయంత్రానికి దిగిపోయేవాళ్లు కొందరు. తారు రోడ్డు వదిలేసి ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో మట్టి దారిన ఒంటరిగా పోయి, కొండ మీద టెంటు వేసుకుని పడుకునేవాళ్లు మరికొందరు. మీలో కూడా ఆ సరదా మొదలైంది. తప్పు లేదు. కొండను ప్రేమించడానికి మనకంటే హక్కు ఎవరికుంది? అయితే మేము చూసిన ఒక సంగతి వినండి.

రెండేళ్ల కిందట కార్తీకమాసంలో ఒక సాయంత్రం పిల్లలు పరుగెత్తుకొచ్చారు. గెడ్డలో ఎవరిదో బండి కూరుకుపోయిందన్నారు. తాడు, గునపం, టార్చిలైట్లు పట్టుకుని దిగాం. పట్నం కుర్రాడు, ఒక్కడే. ఫోన్ మ్యాపులో గీత కనిపించిందని వచ్చేశాడు. ఆ గీత మన పోడుకి పోయే కాలిబాట. దిగి లోతు చూసుకోకుండా గెడ్డలోకి తోలాడు. చక్రం దిగబడగానే ఎక్సిలేటర్ తొక్కాడు. తొక్కేకొద్దీ బండి ఇంకా కిందికి పోయింది. పొద్దు వాలిందని, తెల్లారాక చూసుకుందామని, గెడ్డ పక్క ఇసుకలోనే టెంటు వేసుకున్నాడు.

"బాబూ, ఇక్కడ వద్దు, ఊళ్లోకి రా" అన్నాం. మొదట మొహమాటపడ్డాడు, తర్వాత వచ్చాడు. ఆ రాత్రి మా దగ్గర చుక్క వాన లేదు. పైకొండ మీద మాత్రం గట్టిగా పడింది. తెల్లారి వెళ్లి చూస్తే టెంటు వేసిన చోట నీరు పారుతోంది. ఆ కుర్రాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "నిన్న ఇక్కడ ఎవరూ లేరనుకున్నానండీ" అన్నాడు. అంబలి గిన్నె అందిస్తున్న అవ్వ నవ్వి, "మేం పుట్టినకాడ్నించీ ఇక్కడే ఉన్నాం నాయనా" అంది.

నీరు తగ్గాక టైర్లలో గాలి తీసి, చక్రాల కింద రాళ్లు పేర్చి, పదిమందిమి తాడు పట్టి బండి లాగాం. దండం పెట్టి వెళ్లిపోయాడు. మంచివాడే. కానీ ఏటవాలులో అతని టైర్లు కోసిన గాడి అలాగే ఉండిపోయింది. పది రోజుల తర్వాత నొప్పులొచ్చిన తల్లిని అదే వాలులో డోలీలో మోసుకెళ్లాం. ముందు పట్టినవాడి కాలు ఆ గాడిలో జారింది. డోలీ ఒరిగింది. పక్కనున్నవాళ్లు ఒడిసి పట్టుకోబట్టి ఆ తల్లి కింద పడలేదు. తల్లీబిడ్డా బతికారు. ఇదంతా ఆ కుర్రాడికి ఈనాటికీ తెలియదు. అతనికి అది సరదా దారి. మనకు అదే ఆసుపత్రి దారి.

మన కొండల్లో దారి ఊరికే రాలేదు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి పోయే ఘాట్ రోడ్డు ఎక్కినప్పుడు ఒక్కసారి తలుచుకోండి. నూరేళ్ల కిందట గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన పెద్దలను కొట్టి, సరిగా కూలి ఇవ్వకుండా ఆ పని చేయించాడు. 1922లో అల్లూరి వెంట గాం గంటం దొర, మల్లు దొర లాంటివాళ్లు తిరగబడటానికి ఆ వెట్టి కూడా ఒక కారణం. అందుకే అంటున్నాం, ఎవరూ లేని దారి మన కొండల్లో లేదు.

ఒంటరిగా వెళ్లేవాళ్లు ఈ మాటలు గుర్తుంచుకోండి. ఏ దారిన పోతున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పండి. చివరి ఊళ్లో బండి ఆపి దారి ఎలా ఉందో అడగండి. సిగ్నల్ లేని చోట మిమ్మల్ని వెతకడానికి వచ్చేది ఆ ఊరివాళ్లే. నీళ్లు కనిపిస్తే ముందు కర్ర పట్టుకుని చూడండి. కాలు నిలవనంత జోరుగా పారుతుంటే వెనక్కి తిరగండి. దిగుడులో బ్రేకు మీదే ఆధారపడొద్దు, చిన్న గేరులో దిగండి. బురదలో టైరు గాలి ముప్పై పైన ఉంటే ఇరవైకి తగ్గించండి, రోడ్డెక్కే ముందు మళ్లీ నింపండి. అందుకు చిన్న పంపు దగ్గర ఉండాలి. వాన పడిన మర్నాడు మట్టి దారిన బండి తోలొద్దు.

టెంటు గెడ్డలో వేయొద్దు, ఎండుచెట్టు కింద వేయొద్దు. చలిగా ఉందని టెంటు లోపల బొగ్గుల కుంపటి పెడితే ఆ పొగ నిద్రలోనే చంపేస్తుంది. ఎండాకాలం ఆకు రాలినప్పుడు అడవిలో నిప్పు రాజెయ్యొద్దు. దోమతెర మరవొద్దు, మన ఏజెన్సీ మలేరియా సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చాక జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించుకోండి. పాము కరిస్తే కోయడాలు, కట్టడాలు వద్దు, ఆసుపత్రికే. శంకుదేవుడి చోటు కనిపిస్తే బండి అవతలే ఆపండి.

ఇంకొక్క మాట. మన కొండ మీద ఎవరో టెంట్లు వేసి వ్యాపారం చేస్తుంటే, మన పిల్లలు అక్కడ కూలికి గిన్నెలు కడగడం చూస్తున్నాం. కూలి తప్పు కాదు. కానీ మన చేతిలో చట్టాలున్నాయి. 1/70 ప్రకారం మన ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. బినామీ కాగితం మీద సంతకం పెట్టేముందు ఆలోచించండి. 2006 అటవీ హక్కుల చట్టం అడవిని, మన బతుకు తావుల్ని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఏ దారిలో బండ్లు పోవచ్చు, ఏది కాలినడకకే ఉంచాలి, వానాకాలం ఏది మూసెయ్యాలి అన్నది గ్రామసభలో కూర్చుని మాట్లాడండి. దారి చూపే పని మీరు చేయండి. గాడి పడితే పూడ్చే ఖర్చు బండివాళ్ల దగ్గరే తీసుకోండి.

మేము ఆ వాలులో గాడిని రాళ్లేసి పూడ్చాం. మొన్నటి వానకు మళ్లీ కొంత కోసుకుపోయింది. ఈసారి పండక్కి ఊరొచ్చినప్పుడు పలుగు, పార పట్టుకుని మీరూ రండి. ముందు ఆ దారి బాగుచేద్దాం, తర్వాత కొండెక్కుదాం.

జోహార్.