శిలాఫలకం వేశాక



ఈ స్మారకోపన్యాసం ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ మీద నడుస్తోంది. మొదట్లో ఆ వడ్డీతో వక్త దారిఖర్చులు, శాలువా, పుస్తకం అచ్చు అన్నీ గడిచేవట. ఇప్పుడు అచ్చుకే చాలడం లేదని కార్యదర్శిగారు నవ్వుతూ అన్నారు. నేను చెప్పవలసింది సగం ఆయనే చెప్పేశారు.

చదువుకు దానం అనగానే మనకు జమీందారులు గుర్తొస్తారు. వాళ్లలో జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఇచ్చిన తీరు వేరు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఆయన ఏటా లక్ష రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేశారు. అక్కడి సైన్స్, టెక్నాలజీ కళాశాల ఆయన పేరే పెట్టుకుంది. ఆ రోజుల్లో లక్ష పెద్ద మొత్తమే; అయినా ఏటేటా వస్తుందన్న భరోసా అంతకన్నా పెద్దది. వచ్చే ఏడు డబ్బుంటుందని తెలిస్తేనే అధ్యాపకుణ్ణి ధైర్యంగా పెట్టుకోగలం, జర్నళ్లకు చందా కట్టగలం. భవనం ఒక్కసారి కడితే అయిపోతుంది, జీతం ప్రతి నెలా ఒకటో తారీఖున ఇవ్వాలి.

రాజుగారి సొమ్ము ఒక్కటే సరిపోదని కాకినాడ చెబుతుంది. అక్కడి పిఠాపురం రాజా కళాశాలకు 1904లో ప్రిన్సిపాల్‌గా వచ్చిన రఘుపతి వెంకటరత్నం నాయుడు తన జీతంలోంచి పేద విద్యార్థులను చదివించారు. ఆయన ఖర్చుపెట్టినదానికి శిలాఫలకాలేమీ ఉండవు. బందరులో 1910లో మొదలైన ఆంధ్ర జాతీయ కళాశాలయితే మామూలు జనం చందాల మీద నిలబడింది.

జమీందారీలు రద్దయ్యాక వార్షిక దానాలకు ఆధారమైన శిస్తు రాబడి పోయింది. పిఠాపురం రాజావారి కళాశాల ఇప్పుడు ప్రభుత్వ కళాశాల. దాత పేరూ సర్కారు పేరూ ఒకే బోర్డు మీద ఉన్నాయి. నా దృష్టిలో అది అవమానమేమీ కాదు.

మరి ఇప్పటి దాతలు? గది కట్టిస్తామని వచ్చేవారికి లోటు లేదు. ల్యాబ్ అటెండర్ జీతానికి ఇస్తామనేవారు అరుదు. నిధి పెట్టేవారు కూడా లెక్క మరచిపోతుంటారు. ధరలు ఏటా ఆరు శాతం పెరిగితే పన్నెండేళ్లలో రూపాయి విలువ సగమవుతుంది. వడ్డీ అంతా ఖర్చుచేస్తే అసలు ఉన్నట్టే కనిపిస్తుంది, లోపల కరిగిపోతుంది. వడ్డీలో మూడోవంతైనా తిరిగి అసలులో కలపాలని దానపత్రంలోనే రాయించండి. బంగారు పతకం ఏర్పాటుచేసే ముందు, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమై సర్టిఫికెట్లు చేతికి రాని పిల్లలు ఎందరున్నారో ఆఫీసులో అడగండి. అక్కడ పది వేలు చేసే పని పతకం చేయదు.

విదేశాల్లో ఉన్న పూర్వ విద్యార్థులకు ఒక మాట. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు ఇచ్చేది మన చట్టం లెక్కలో విదేశీ విరాళం. కళాశాలను నడిపే సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి ఉందో లేదో ముందు కనుక్కోండి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఆ చిక్కు లేదు.

ఈ సభ ముగిశాక కార్యదర్శిగారు ఒక కాగితం తిప్పుతారు. ఈరోజు ఎంత ఇస్తారన్నది అందులో వద్దు. రాబోయే పదేళ్లు ఏటా ఎంత ఇవ్వగలరో రాసి సంతకం పెట్టండి.