పాఠశాలలో పాట: ప్రతి గొంతుకూ చోటు



పాఠశాలలో సంగీతమనగానే అందరి మనస్సులలో మెదిలేది వార్షికోత్సవ వేదిక. గొంతు బాగున్న ఐదారుగురు పిల్లలను ఎంపిక చేసి, ఒకటి రెండు పాటలు నేర్పి, సభను రంజింపజేయడం పరిపాటి. అది తప్పని ఎవరూ అనరు. కాని తరగతిలో మిగిలిన పిల్లల మాటేమిటి? "నీకు గొంతు లేదు" అన్న మాట పదేళ్ళ ప్రాయంలో విన్న బిడ్డ జీవితాంతం పాటకు దూరం కావచ్చు. గానం విద్యలో భాగమా, ఉత్సవానికి అలంకారమా అన్నది తేల్చుకోవలసిన ప్రశ్న.

దీనికి సమాధానం వాషర్‌మెన్‌పేటకు చేరువలోనే ఉంది. ఉత్తరాన ఉన్న తిరువొత్తియూరులో వెలసిన త్రిపురసుందరీదేవిపై త్యాగరాజస్వామి (1767–1847) ఐదు కృతులు రచించారు. అటువంటి కృతులను పాడడానికి ఏళ్ళ తరబడి సాధన కావాలి. అయితే ఆ మహనీయుడే దివ్యనామ కీర్తనలను, ఉత్సవ సంప్రదాయ కీర్తనలను కూడా అనుగ్రహించారు. వాటి వరుసలు సరళం. చరణాలన్నీ చాలావరకు ఒకే మట్టులో సాగుతాయి. భజన గోష్ఠిలో పదిమందీ గొంతు కలపడానికి అనువైనవి. పాఠశాలకు ముందుగా కావలసింది ఈ రెండవ మార్గమే. హంగేరీ దేశపు స్వరకర్త జోల్తాన్ కొడాయ్ (1882–1967) సైతం సంగీతవిద్య బిడ్డ స్వంత గొంతుతో, మాతృభాషలోని జానపద గేయాలతో ఆరంభం కావాలని బోధించారు.

చెన్నపట్టణంలోని తెలుగు బిడ్డకు పాట మరొక మేలు కూడా చేస్తుంది. 2006 నాటి చట్టంతో తమిళనాడు పాఠశాలల్లో తమిళ బోధన దశలవారీగా తప్పనిసరి అయింది. ఉన్న ఊరి భాష నేర్వడం పిల్లలకు శ్రేయస్కరమే. కాని వీధిలోనూ అంగడిలోనూ తమిళమే వినే బిడ్డకు తెలుగు పలుకుబడి ఎక్కడ నిలవాలి? తమిళ లిపిలో క, గ లకు వేర్వేరు అక్షరాలు లేవు. ఖ, ఘ వంటివీ లేవు. తెలుగులో ఆ భేదం చెవితో విని, నోటితో పలికి నేర్చుకోవలసిందే. పాటలో దీర్ఘాన్ని కుదిస్తే తాళం తప్పుతుంది. లోపం అక్కడికక్కడే తెలుస్తుంది. వ్యాకరణ పాఠం పదిమార్లు చెప్పినా అబ్బనిది ఒక్క పాటతో అబ్బుతుంది.

ఇందుకు ఖరీదైన వాద్యాలు అక్కరలేదు. ఉపాధ్యాయురాలు ఒక పంక్తి పాడితే తరగతి అంతా తిరిగి పాడాలి. ఆదితాళపు ఎనిమిది క్రియలను అందరి చేతులూ వేయాలి. పదమూడు, పద్నాలుగేళ్ళ మగపిల్లల గొంతు మారేటప్పుడు శ్రుతి తగ్గించాలే గాని వారి నోరు మూయించరాదు. బిడియపడే బిడ్డ మొదట తాళం వేస్తూ, క్రమంగా గొంతు కలుపుతాడు.

అప్పుడు వేదిక కూడా సార్థకమవుతుంది. ప్రదర్శన వల్ల బిడ్డ పదిమంది ఎదుట నిలబడడం, తన వంతుకు ఆగడం, పక్కవారి గొంతు వినడం నేర్చుకుంటాడు. ఆ శిక్షణ ఎంపికైన కొందరికే దక్కడం న్యాయం కాదు. కనుక ప్రతి ఉత్సవంలోనూ తరగతి యావత్తూ పాడే పాట ఒక్కటైనా ఉండాలి. ఏడాది పొడవునా సాగే సాధన వేరు. ఒకనాటి ప్రదర్శన పువ్వు. వేరును మరచి పువ్వును ఆశించడం తగదు.

తల్లిదండ్రులు ఇంట రోజుకొక్క పాటైనా పిల్లలతో పాడించాలి. పూర్వ విద్యార్థులు తమకు గుర్తున్న బడిపాటలను నేటి పిల్లలకు నేర్పాలి. పాట నిలిచిన ఇంట భాష నిలుస్తుంది. శుభం.