నాన్నగారికి "స" ఎందుకు వినపడదు?

ఇంటికి ఫోను చేస్తే నాన్నగారు "ఏంటమ్మా, మళ్ళీ చెప్పు" అంటారు. గొంతు పెంచితే "అరవకు, వినపడుతోంది" అని విసుక్కుంటారు. రెండూ నిజమే.

లోపలి చెవిలో నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన కాక్లియా ఉంది. అందులో సుమారు 35 మిల్లీమీటర్ల పొడవున బేసిలార్ పొర. మొదట్లో ఇరుకుగా, బిగువుగా ఉంటుంది. చివరికి వెడల్పై వదులవుతుంది. వీణ తీగ బిగిస్తే శ్రుతి పెరుగుతుంది కదా, అలాగే హెచ్చు శ్రుతులకు మొదలు, తగ్గు శ్రుతులకు చివర ఎక్కువగా ఊగుతాయి. చనిపోయినవారి చెవుల్లో ఈ అలను మైక్రోస్కోపుతో చూసిన బెకెషీకి 1961లో నోబెల్ వచ్చింది.

పొర మీద రోమకణాలుంటాయి. లోపలి వరుసలో సుమారు 3,500. నరానికి కబురందించేవి ముఖ్యంగా ఇవే. బయటి వరుసల్లో 12,000 దాకా ఉండి, చిన్న శబ్దాలకు పొర ఊపును పెంచుతాయి. వయసుతో మొదటి వైపువి ముందు దెబ్బతింటాయి. అచ్చులు వినపడతాయి, "స", "ష" జారిపోతాయి. బయటివి పోతే చిన్న శబ్దం అందదు, పెద్దది మాత్రం చెవిలో మోగుతుంది. అదీ ఆ విసుగు! కోడికి ఈ కణాలు మళ్ళీ మొలుస్తాయి, మనకు మొలవవు.

ఈసారి అరవకుండా నిదానంగా మాట్లాడండి. ఆడియోగ్రాం తీయించుకోమని కూడా చెప్పండి. ఉంటాను.