రంగం రేవులో మొదటి రోజు

(తణుకులో, కొత్తగా చదువు నేర్చుకున్న మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)



మన ఇళ్ళల్లో ముసలివాళ్ళు ఒక మాట అనేవారు. "వాడు రంగం వెళ్ళిపోయాడు" అనేవారు. రంగం అంటే ఏమిటి? నాటక రంగం కాదు. యుద్ధ రంగం కాదు. రంగం అంటే రంగూన్ పట్నం. అది సముద్రానికి అవతల బర్మా దేశంలో ఉంది. 1989లో అక్కడి ప్రభుత్వం పేర్లు మార్చింది. ఇప్పుడు బర్మాను మయన్మార్ అంటారు. రంగూన్‌ను యాంగోన్ అంటారు.

పాత మండువా ఇళ్ళల్లో నల్లగా నిగనిగలాడే స్తంభాలు చూశారా? "ఇది బర్మా టేకు" అని ఇంటివాళ్ళు గొప్పగా చెప్తారు. ఆ టేకు ఓడల మీద అక్కడి నుంచే వచ్చింది. టేకు ఇటు వచ్చింది. మనుషులు అటు వెళ్ళారు.

ఎందుకు వెళ్ళారు?

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలువలు వచ్చాయి. మన డెల్టా పచ్చబడింది. అదే 1852లో ఇంగ్లీషువాళ్ళు యుద్ధం చేసి రంగూన్‌ను పట్టుకున్నారు. అక్కడ ఐరావతి అనే పెద్ద నది ఉంది. దాని డెల్టాలో అడవులు కొట్టి వరి వేయించారు. ఆ ధాన్యం ఆడించడానికి రంగూన్ నది ఒడ్డున పెద్ద పెద్ద మిల్లులు కట్టారు. బస్తాలు మొయ్యడానికి, ఓడలకు ఎత్తడానికి మనుషులు కావాలి.

ఇక్కడ పంట పండుతోంది. కాని భూమి లేనివాడికి పంటలో వాటా ఏది? కోతలు అయ్యాక పని ఏది? శ్రీకాకుళం, విశాఖ వైపు అయితే కరువు కూడా తోడయింది. అప్పులు తీరే దారి లేక జనం ఓడ ఎక్కారు. ఎక్కువమంది ఆ ఉత్తరాది జిల్లాల వాళ్ళే. గోదావరి జిల్లాల నుంచీ వెళ్ళారు. కాకినాడ దగ్గర కోరంగి అనే పాత రేవు ఉంది. ఆ పేరు మీదనే తెలుగు కూలీలందరినీ అక్కడ "కోరంగీలు" అని పిలిచేవారు.

ఇప్పుడు ఒక మనిషిని ఊహించుకుందాం. అతనికి పేరు పెట్టొద్దు. అలాంటివాళ్ళు వేలమంది ఉన్నారు. 1925 ప్రాంతం అనుకుందాం. మన తణుకు పక్క పల్లె. ఇంట్లో తల్లి, కొత్తగా కాపురానికి వచ్చిన భార్య. సెంటు భూమి లేదు.

ఊళ్ళోకి మేస్త్రీ వచ్చాడు.

"ఒరే అబ్బాయ్, రంగంలో పని ఉంది. ఓడ ఖర్చు నేను పెట్టుకుంటాను. ఇంటికి బయానా ఇస్తాను. ఇదిగో, ఇక్కడ వేలిముద్ర వెయ్యి."

"ఏం రాశారండీ ఇందులో?"

"నీ పేరే రాశాను. భయమెందుకు?"

అతను వేలిముద్ర వేశాడు. కాగితం మేస్త్రీ జేబులోకి వెళ్ళింది. ఆ కాగితాన్ని గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దాని దగ్గరికి వద్దాం.

ప్రయాణం

కాలువ మీద పడవ ఎక్కి విజ్జేశ్వరం చేరాడు. గోదావరి దాటి ధవళేశ్వరం వెళ్ళాడు. అక్కడి నుంచి మళ్ళీ కాలువ మీద కాకినాడ. కాకినాడ ఒడ్డున లోతు చాలదు. పెద్ద ఓడ దూరంగా సముద్రంలోనే ఆగుతుంది. చిన్న పడవల్లో తీసుకుపోయి జనాన్ని ఎక్కిస్తారు. పాస్‌పోర్టు అడగలేదు. అప్పట్లో బర్మా కూడా ఇంగ్లీషువాళ్ళ ఇండియాలో ఒక భాగమే. 1937లోనే దాన్ని విడదీశారు.

డబ్బున్నవాళ్ళకి గదులు. కూలీలకి ఓడ పైభాగం. అక్కడే పడక, అక్కడే తిండి, అక్కడే వాంతులు. మూడు నాలుగు రోజులు ఎటు చూసినా నీళ్ళే.

పట్నం

ఒక పొద్దున్న నీళ్ళ రంగు మారింది. నీలం పోయి, గోదావరి వరదలాగా ఎర్రమట్టి రంగు వచ్చింది. ఓడ నదిలోకి వచ్చింది. దూరంగా చెట్ల మీద ఏదో ధగధగ మెరిసింది. అది శ్వేడగాన్ పగోడా. బుద్ధుడి గుడి. చిన్న గుట్ట మీద సుమారు వంద మీటర్ల ఎత్తున ఉంటుంది. నిలువెల్లా బంగారు తాపడం. ఓడలో అందరూ లేచి నిలబడ్డారు. ఏ దేవుడో తెలియకపోయినా దణ్ణం పెట్టారు.

రేవు దగ్గరయింది. వరసగా ఓడలు. బరువులు ఎత్తే యంత్రాలు. మిల్లుల గొట్టాల నుంచి పొగ. బల్ల మీద నడుచుకుంటూ దిగాడో లేదో, ఎవరో ఎవరినో తెలుగులో తిట్టారు. అతనికి ప్రాణం లేచి వచ్చింది. దేశం కాని దేశంలో మొదట వినబడింది మన తిట్టే!

అలా వినబడడంలో వింత ఏమీ లేదు. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్‌లో సుమారు 4 లక్షలమంది ఉన్నారు. అందులో సగం కంటే ఎక్కువమంది మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళే. తెలుగువాళ్ళు, తమిళులు, బెంగాలీలు, ఒరియావాళ్ళు. బర్మావాళ్ళు తమ పట్నంలోనే తక్కువైపోయారు. ఈ సంగతి కూడా గుర్తుపెట్టుకోండి.

వీధులు తాడు పట్టి గీసినట్టు ఉన్నాయి. చాలా వీధులకి పేర్లు కాదు, నంబర్లు. పట్నం నడిమధ్యన సూలే పగోడా. దాని చుట్టూ బళ్ళు తిరుగుతున్నాయి. కరెంటు ట్రాములు గంట కొట్టుకుంటూ పోతున్నాయి. మనిషిని కూర్చోబెట్టుకుని మనిషే లాగే రిక్షాలు ఉన్నాయి. లాగేవాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ.

అతన్ని బాగా ఆశ్చర్యపెట్టింది మాత్రం బజారు. దుకాణాల్లో గల్లాపెట్టె దగ్గర ఆడవాళ్ళు కూర్చున్నారు. కొప్పులో పువ్వు. నడుముకి లుంగీ. చెంపలకి గంధంలాంటి పూత. అది తనకా అనే చెట్టు బెరడు అరగదీసి రాసుకుంటారు. చేతిలో ఇంత లావు చుట్ట. శ్రీకాకుళం వైపు అమ్మమ్మలు చుట్ట కాల్చినట్టే, దర్జాగా కాలుస్తున్నారు. బేరం వాళ్ళే ఆడుతున్నారు. డబ్బు వాళ్ళే లెక్కపెడుతున్నారు. అతనికి ఇంటి దగ్గర భార్య గుర్తొచ్చింది. "ఇది చూస్తే నోరు తెరుచుకుని నిలబడిపోతుంది" అనుకున్నాడు.

దుకాణాల మీద బోర్డులు చూశాడు. అక్షరాలన్నీ గుండ్రంగా, సున్నాలు పేర్చినట్టు ఉన్నాయి. "మన తెలుగు అక్షరాలే!" అని సంతోషించాడు. అవి తెలుగు కాదు, బర్మా అక్షరాలు. రెండూ గుండ్రంగానే ఉంటాయి. చదువు వచ్చినవాడికి తేడా వెంటనే తెలుస్తుంది. అతనికి తెలుగూ రాదు, బర్మా రాదు. అందుకే అన్నీ మనవే అనుకున్నాడు.

రాత్రి

పొద్దుగూకాక మేస్త్రీ ఒక గదికి తీసుకువెళ్ళాడు. చిన్న గది. అందులో ఇరవైమంది. పగలు పనిచేసేవాళ్ళు రాత్రి పడుకుంటారు. రాత్రి పనిచేసేవాళ్ళు పగలు పడుకుంటారు. చాప చల్లారడం లేదు. మర్నాటి నుంచి ధాన్యం మిల్లులో బస్తాలు. ధాన్యం వాసన మనదే. దుమ్మూ మనదే. బస్తా బరువు మాత్రం రోజంతా దిగదు.

మిల్లు గోడకి ఒక కాగితం అంటించి ఉంది. పక్కన పనిచేసే బర్మా కుర్రాడు నిలబడి చదువుకున్నాడు. బర్మా ఊళ్ళల్లో బౌద్ధ సన్యాసులు మగపిల్లలకి చదువు చెప్పేవారు. అందుకని ఆ రోజుల్లోనే బర్మా మగవాళ్ళలో సగంమందికి చదవడం వచ్చు. ఆడవాళ్ళకి మాత్రం అక్కడా తక్కువే.

ఉత్తరం

నెల గడిచింది. ఇంటికి ఉత్తరం రాయించాలి. డబ్బులు ఇస్తే రాసిపెట్టే మనిషి ఉన్నాడు. చుట్టూ నలుగురు తోటి కూలీలు. అందరి ముందు ఏం చెప్తాడు? రాత్రిళ్ళు ఏడుపు వస్తోందని చెప్పగలడా? "నేను క్షేమం. మీరు క్షేమమని తలుస్తాను. పట్నం చాలా పెద్దది" అని రాయించాడు.

ఇక్కడ పోస్టుమాన్ అరుగు మీద కూర్చుని గట్టిగా చదివాడు. వీధి అంతా విన్నారు.

"ఇంకేం రాశారండీ బాబూ?" అని ఆవిడ అడిగింది.

"ఇంతేనమ్మా. జవాబు ఏం రాయమంటావు?"

ఆవిడకి మూడో నెల. ఆ మాట మగడికి చెప్పాలి. పోస్టుమాన్ ఎదురుగా, వీధి ఎదురుగా ఎలా చెప్తుంది? "అంతా బాగున్నామని రాయండి బాబూ" అంది. తలుపు చాటుకి వెళ్ళిపోయింది. మొగుడూ పెళ్ళాల మధ్య ఒక్క మాట చేరడానికి ఇద్దరు పరాయివాళ్ళు కావలసి వచ్చింది. ఆ ఒక్క మాట చేరనే లేదు.

ఇవాళ మీలో ఎవరికీ ఆ అవస్థ లేదు. మీ మాట మీరే రాసుకోగలరు.

కాగితం

ఇప్పుడు ఆ వేలిముద్ర కాగితం సంగతి. మిల్లు యజమాని కూలి డబ్బులు మేస్త్రీ చేతికి ఇస్తాడు. మేస్త్రీ తన వాటా పట్టుకుంటాడు. ఓడ ఖర్చు, బయానా, గది అద్దె, తిండి అన్నీ పట్టుకుంటాడు. మిగిలింది కూలీకి. ముప్పై రూపాయలు ఇచ్చి నలభై అని రాసుకున్నాడనుకోండి. అడిగేది ఎవరు? అడిగితే కాగితం చూపిస్తాడు. "ఇది నీ వేలిముద్ర కాదా?" అంటాడు. వేలిముద్ర నిజమే. పైన రాసింది మాత్రం ఎవరికి తెలుసు?

తరవాత ఏం జరిగింది?

పట్నంలో బర్మావాళ్ళు తక్కువైపోయారని చెప్పుకున్నాం. వాళ్ళకీ పని కావాలి. 1930 మే నెలలో రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్ళ బదులు బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తీరాక బర్మావాళ్ళను పొమ్మన్నారు. పేదవాడికీ పేదవాడికీ కొట్లాట అయింది. వందమందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది మనవాళ్ళే.

1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. లక్షలమంది అడవులు, కొండలు దాటి కాలినడకన మన దేశానికి బయలుదేరారు. వేలమంది దారిలో ఆకలితో, జబ్బులతో పోయారు. 1948లో బర్మాకు స్వాతంత్ర్యం వచ్చింది. 1962లో సైన్యం అధికారం పట్టుకుంది. 1964లో దుకాణాలను కూడా ప్రభుత్వం తీసేసుకుంది. మిగిలిన మనవాళ్ళలో చాలామంది కూడబెట్టింది అక్కడే వదిలి తిరిగి వచ్చారు. విశాఖపట్నంలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఉంది. అలా వచ్చినవాళ్ళ పేటే అది. బర్మాలో ఇప్పటికీ కొన్ని తెలుగు కుటుంబాలు ఉన్నాయి.

చదువు వచ్చి ఉంటే ఈ కష్టాలన్నీ తప్పేవా? తప్పవు. బాంబు చదువుకున్నవాణ్ణి చూసి పక్కకి పోదు. కాని మేస్త్రీ కాగితం మాత్రం అతన్ని అంత సులువుగా మోసం చేసేది కాదు.

ఇవాళ

రంగం కథ పాతబడలేదు. 2024లో విశాఖపట్నం పోలీసులు ఒక మోసం బయటపెట్టారు. కంప్యూటర్ ఉద్యోగాలని చెప్పి ఏజెంట్లు మన కుర్రాళ్ళను కంబోడియా పంపారు. అది కూడా బర్మా వైపు దేశమే. అక్కడ వాళ్ళను బంధించి, ఫోనుల్లో జనాన్ని మోసం చేసే పని చేయించారు. వాళ్ళు చదువుకున్న పిల్లలే. అక్షరాలు వస్తే చాలదు. కాగితం చదవాలి. తెలియనిది అడగాలి.

మీ ఇంట్లో ఎవరైనా పై దేశం వెళ్తామంటే, గల్ఫ్ కానివ్వండి, కంబోడియా కానివ్వండి, ఈ నాలుగూ చూడండి.

1. ఏజెంటుకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఉందా? నంబరు రాసుకోండి.

2. వీసా మీద ఏం రాసి ఉంది? చూసి రావడానికి ఇచ్చే వీసా మీద పనికి వెళ్ళకూడదు.

3. ఒప్పందంలో జీతం ఎంత, పని ఏమిటి, యజమాని ఎవరు? మీకు తెలిసిన భాషలో చదివించుకోండి.

4. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్ళు ఇంట్లో పెట్టుకున్నారా?

"ఆడదానివి, నీకెందుకు ఇవన్నీ?" అని ఏజెంటు అంటాడు. ఆ రోజు మేస్త్రీ కూడా "భయమెందుకు?" అన్నాడు. మీరు కాగితం చేతిలోకి తీసుకోండి. మెల్లగా, కూడబలుక్కుంటూ అయినా సరే, చివరిదాకా చదవండి. ఆ తరవాతే సంతకం.

ఇంటికి వెళ్ళాక మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. మన వంశంలో ఎవరైనా రంగం వెళ్ళారా అని అడగండి. వాళ్ళు చెప్పింది మీ నోటుపుస్తకంలో మీ చేత్తో రాయండి. వచ్చే సమావేశంలో అందరికీ చదివి వినిపించండి.