దేశాలకు ఆంక్షలు, వాడలకు వెలి



ఆర్థిక ఆంక్షల గురించి మాట్లాడుకోవడానికి భిలాయి తగిన చోటు. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో ఈ ఉక్కు కర్మాగారం వచ్చింది. ఆ అప్పుకు వడ్డీ రెండున్నర శాతం, పన్నెండు వాయిదాలు, తీర్చేది మన రూపాయల్లో. డాలరుతో పని పడలేదు.

ఇవాళ ఆంక్షలంటే ఓడలను అడ్డుకోవడం ఒక్కటే కాదు, డబ్బు నడిచే దారిని మూసేయడం. ఏ రెండు దేశాల మధ్య డాలర్లు చేతులు మారినా ఆ చెల్లింపు చాలావరకు అమెరికా బ్యాంకుల గుండా పోవాలి. కొళాయి వాళ్ల చేతిలో ఉంది. 2022లో అమెరికా, ఐరోపా దేశాలు, వాటి మిత్రులు కలిసి రష్యా కేంద్ర బ్యాంకు నిల్వలు సుమారు 300 బిలియన్ డాలర్లను కదలకుండా చేశాయి. అదే జూలైలో మన రిజర్వు బ్యాంకు విదేశీ వ్యాపారాన్ని రూపాయల్లో జరుపుకునే ఏర్పాటు తెచ్చింది. భిలాయి నాటి పాత దారే!

కాగితం మీద తిండికీ మందులకూ మినహాయింపు ఉంటుంది. ఇరాన్‌కూ ఉంది. కానీ జరిమానా భయంతో బ్యాంకు డబ్బు పంపదు, మందు రాదు. ఇది మనకు కొత్తేమీ కాదు. ఊళ్లో వెలి వేసినప్పుడు కిరాణా కొట్టతనికి మన మీద కోపం ఉండకపోవచ్చు. అమ్మితే తనకూ తప్పు వేస్తారు. అందుకే ఉప్పు కూడా అమ్మడు.

ఈ ఆయుధాన్ని బాబాసాహెబ్ బాగా చదివారు. బొంబాయి ప్రభుత్వం వేసిన స్టార్టే కమిటీలో ఆయన సభ్యుడు. హక్కు అడిగిన వాళ్లకు పని, కౌలు భూమి, కొట్లో సరుకు ఎలా ఆపేస్తారో 1930 నాటి ఆ నివేదికలో ఉంది. అదే ఏడాది రౌండ్ టేబుల్ సమావేశానికి ఆర్. శ్రీనివాసన్‌తో కలిసి ఇచ్చిన పత్రంలో, వెలిని శిక్షార్హమైన నేరం చేయాలని అడిగారు. దానికి 1922 నాటి బర్మా చట్టాన్ని నమూనాగా తీసుకున్నారు. అయినా 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం దగ్గర మొదలైన గొడవ దళితులను పొలం పనుల్లోకి పిలవకపోవడం దాకా వెళ్లింది.

వెలి ఎవరిని కొడుతుంది? గాదెలో గింజలు లేనివాణ్ని. 1998 మే నెలలో పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా మన మీద ఆంక్షలు పెట్టింది. ఆగస్టుకల్లా ప్రభుత్వం బాండ్లు అమ్మి ప్రవాస భారతీయుల నుంచి సుమారు 4.2 బిలియన్ డాలర్లు తెచ్చుకుంది. 2001లో ఆంక్షలు పోయాయి. మనకు గాదె ఉంది. ఇరాక్ సంగతి వేరు. 1990 ఆగస్టులో భద్రతా మండలి 661వ తీర్మానంతో దాని వ్యాపారాన్ని దాదాపు పూర్తిగా మూసేసింది. అక్కడి జనం అవస్థ చూసి ఐరాస మానవతా సమన్వయకర్త డెనిస్ హాలిడే 1998లో రాజీనామా చేశారు. సద్దాం మాత్రం 2003 దాకా గద్దె మీదే ఉన్నాడు.

మరి దక్షిణాఫ్రికా మాటేమిటని మీరు అడుగుతారు, అడగాలి. 1946లోనే భారత్ ఆ దేశంతో వ్యాపారం ఆపింది. 1959లో ఆల్బర్ట్ లుథులి లాంటి నాయకులే తమ దేశపు సరుకు కొనవద్దని బ్రిటన్ ప్రజలను కోరారు. నష్టం మోయబోయే వాళ్లే దాన్ని అడిగారు. 2016లో ఉనా దాడి తర్వాత గుజరాత్ దళితులు చచ్చిన పశువులను ఎత్తం అన్నారే, అలాంటిది. దాన్నీ వెలినీ ఒక గాటన కట్టే పాఠ్యపుస్తకాలతో నాకు పేచీ ఉంది. ఒకటి కింది నుంచి వచ్చిన నిరాకరణ, రెండోది పైనుంచి దిగిన శిక్ష.

అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణతో మన దగ్గర సాంఘిక, ఆర్థిక వెలి నేరమైంది. అమలు ఎలా ఉందో మీకు తెలుసు, కనీసం కేసు పెట్టడానికి ఒక సెక్షన్ ఉంది. దేశాల మధ్య అదీ లేదు. గడువు రాయని తీర్మానం ఒకసారి పాసయ్యాక దాన్ని ఎత్తేయడానికి వీటో ఉన్న ఐదుగురిలో ఒక్కరు కాదన్నా కుదరదు. ఇరాక్‌కు జరిగింది అదే. బాబాసాహెబ్ 1930లో అడిగిన సెక్షన్‌ను అంతర్జాతీయ చట్టంలో ఎలా రాయవచ్చో మీలో న్యాయశాస్త్రం చదివేవాళ్లు ఎవరైనా పరిశోధనకు తీసుకుంటే బాగుంటుంది. ఇక మీ ప్రశ్నలు.